ఇల్లరికం డిస్కు

పాడ్యమి

ల్యాప్‌టాప్ చచ్చిపోయింది. అందుకని ఇవాళ్టి నీటి డ్యూటీ రాత పెన్సిలుతో రాస్తున్నాను. రాసేది నూకరత్నం, మూడో మేడ, నీళ్ల మిషను గది. ఈ డ్యూటీ రాత ఎవరూ చదవరని నాకు తెలుసు. అయినా రాయకపోతే అమ్మ ఊరుకోదు.

తెల్లారి గదిలోకి వెళ్లేసరికి పంపులన్నీ ఆగి ఉన్నాయి. సముద్రం మధ్యలో, ఇనుప కాళ్ల మీద నిలబడ్డ మేడ మాది. చుట్టూ కనుచూపు మేరా నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క ఉండదు. ఉప్పునీళ్లని మంచినీళ్లు చేసే మిషను ఒక్కటే మాకు దిక్కు. ఏ పంపు ఎప్పుడు తిరగాలో దానికి చెప్పేది ఈ ముసలి ల్యాప్‌టాప్. దాని కడుపులోంచి ఎవరో గోటితో గీకుతున్నట్టు టిక్కు టిక్కుమని చప్పుడు వస్తోంది. లోపలి డిస్కు పోయేముందు అలాగే ఏడుస్తుంది. నేను చెయ్యి వేసేలోపే ఆ ఏడుపు కూడా ఆగిపోయింది.

మిషను ప్రోగ్రాము పెన్‌డ్రైవులో భద్రంగానే ఉంది. కానీ ఎక్కించడానికి లోపల డిస్కంటూ ఒకటి ఉండాలి కదా. కొత్త డిస్కులు తయారుచేసే చోటు ఈ లోకంలో ఇంకా ఎక్కడైనా మిగిలిందో లేదో మాకు తెలియదు. నా ఎరుకలో ఎవరూ కొత్త డిస్కుని కంటితో చూడలేదు.

అమ్మకి చెప్పాను. అమ్మంటే ఆదెమ్మ, ఈ మేడకి మేస్త్రి. ఆవిడ మాటే ఇక్కడ శాసనం. కన్నకూతురిని కూడా డ్యూటీ మనిషిగానే చూస్తుంది.

"టేంకులో ఏపాటి ఉన్నాయే?"

"పొదుపుగా తాగితే వారం లాగొచ్చే. మామూలుగా తాగితే కష్టం."

"అయితే ఇయ్యాల్టినుంచీ సగం వంతు. మొకాలూ కాళ్లూ సవుద్రంలో కడుక్కోమను." అని, "మరి డిస్కు?" అంది.

ఇద్దరం ఒకేసారి గూటి వైపు చూశాం. అక్కడ ఎర్ర గుడ్డ కప్పిన నల్లటి డబ్బా ఒకటి ఉంది. అది నా మొగుడు లోవరాజుది.

విదియ

లోవరాజు ఏడేళ్ల కిందట తూర్పు మేడ నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చాడు. మా మేడలో ఇల్లరికం అల్లుడికి ఒక షరతు ఉంది. ఇక్కడ లేని విద్య ఏదైనా ఒక బయటి డిస్కులో నింపుకుని తీసుకురావాలి. వట్టి చేతులతో వచ్చినవాడికి నీళ్ల వంతు లేదు. ఆ షరతు పెట్టింది మా అమ్మే. మా పిన్ని కూతురికి వచ్చిన పెళ్లికొడుకు డిస్కులో ఒకే పెళ్లి వీడియో వందల కాపీలుంది. ఆ వెర్రిబాగులవాడు తనే అందరినీ పిలిచి చూపించాడు. అమ్మ అతన్ని వచ్చిన పడవలోనే వెనక్కి పంపించేసింది. మా పిన్ని కూతురు ఇప్పటికీ అమ్మతో మాట్లాడదు.

లోవరాజు తెచ్చింది గాలివానల విద్య. తూర్పు మేడవాళ్లు తాతల నాటి నుంచీ రాసిపెట్టిన తుఫానులన్నీ ఆ డిస్కులో ఉన్నాయని చెప్పారు. గాలివాన కాలం రాగానే అతను డబ్బాని నా ల్యాప్‌టాప్‌కి తగిలించి, తెర గోడవైపు తిప్పుకుని కాసేపు కూర్చుంటాడు. లేచి వచ్చి, "రేపో ఎల్లుండో గాలివాన, పడవలు పైకెత్తండి" అంటాడు. అంటే వచ్చి తీరుతుంది. ఒక్కసారి కూడా తప్పలేదు. అల్లుడి డిస్కు అల్లుడే చూడాలి, పెళ్లాం కూడా తొంగిచూడకూడదు. నేనెప్పుడూ చూడలేదు. ఆయుధపూజ నాడు మాత్రం ఆ డబ్బాకి పసుపూ కుంకుమా పెట్టి, రెండు మరమరాలు వేసి దండం పెట్టేదాన్ని.

బయటి డిస్కు విప్పి ల్యాప్‌టాప్ లోపల కూర్చోబెట్టడాన్ని కూడా మా వాళ్లు ఇల్లరికం అనే అంటారు. బయటివాడు లోపలివాడవడమే కదా. డబ్బాని తీగతోనే తగిలించి వాడుకోవచ్చు కదా అని మీరడగొచ్చు. మా మేడ రోజుకి పదిసార్లు ఊగుతుంది. ఊగినప్పుడల్లా తీగ వదులై డిస్కు జారిపోతుంది, పంపులు ఆగిపోతాయి. అందుకని లోపల పెట్టాల్సిందే.

నా ఆలోచన లోవరాజుకి చెప్పాను. ఒకే ఇంట్లో రెండు వాటాలు. ఒక వాటాలో అతని గాలివానలు, రెండో వాటాలో నా నీళ్ల మిషను. అతను తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

"వాటాలెందుకు రత్తం," అన్నాడు. "మొత్తం తుడిచేసి నీ పోగ్రావు ఎక్కించేసుకో. నా గాలివానల్దేవుంది? ముందు జనం గొంతు తడవాలి."

నాకు కళ్లు చెమర్చాయి. తాతల నాటి విద్యని జనం కోసం ఇంత సుళువుగా వదిలేసే మగాడు ఏ మేడలో ఉంటాడు? ఈ మాట అమ్మకి చెబితే ఆవిడ కూడా, "ఆ అబ్బాయికి బుద్దుందే" అంది. ఏడేళ్లలో అమ్మ నోటి నుంచి అతని గురించి వచ్చిన మొదటి మంచిమాట అది. అల్లుడితో నేరుగా మాట్లాడదు, అల్లుడుగారూ అని పిలవదు. ఏం చెప్పాలన్నా 'ఆ అబ్బాయి'కి చెప్పమని నాతోనే అంటుంది.

సాయంత్రం డెక్కు మీద ఇల్లరికం తంతు జరిపించాం. దాహంతో మొహాలు వాడిపోయిన జనానికి ఆ కాస్త సరదా అయినా ఉండాలనిపించింది. డబ్బాకి స్క్రూలు లేవు, అంచుల్లో ప్లాస్టిక్ కొక్కేలే. చేపలు కోసే కత్తి మొన దూర్చి తిప్పితే టప్పుమని విడిపోయింది. లోపల డిస్కు సరిగ్గా ల్యాప్‌టాప్ డిస్కు సైజే, కాకపోతే కాస్త లావు. ల్యాప్‌టాప్‌కి తగిలించే పళ్లు కూడా ఒకటే. కొన్ని డబ్బాల్లో డిస్కుకి ఈ పళ్లే ఉండవు. అలాంటివి లోపల పెట్టడానికి పనికిరావు. దీనికి ఉన్నాయని సంతోషించాను. ఆ పళ్లకి తగిలించి రెండు వేళ్ల వెడల్పున పచ్చటి బోర్డు ఉంది. తీగ పెట్టే రంధ్రం దానికే ఉంది. డిస్కు లోపలికి వెళ్లాక దానితో ఇక పనేముంది? ఊడదీసి డబ్బా పెంకులోనే వేశాను.

మా దగ్గర ఇల్లరికం వచ్చినవాడి పుట్టింటి చొక్కా విప్పించి సముద్రంలో పారేస్తారు. ఇక వెనక్కి చూడకూడదని అర్థం. లోవరాజు చొక్కాని కూడా అలాగే పారేశారు. ఇవాళ డిస్కుకీ అదే మర్యాద జరిగింది. ఆ పెంకునీ, అందులోని పచ్చ బోర్డునీ అమ్మ చేతికి ఇచ్చాను. ఆవిడ పీట మీద నిలబడి, "ఇదిగో పుట్టింటి సొక్కా!" అంటూ సముద్రంలోకి విసిరేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

తదియ

ఏం రాయాలో తెలియడం లేదు.

లావు డిస్కు పట్టడానికి ల్యాప్‌టాప్ లోపలి ప్లాస్టిక్ గట్టుని ఆకురాయితో అరగదీశాను. డిస్కు కూర్చుంది, పళ్లు కలిశాయి. పెన్‌డ్రైవు పెట్టి ల్యాప్‌టాప్ లేపాను. తెర మీద ఒకే ఒక్క వాక్యం: 'డిస్కు ఖాళీగా ఉంది. ఫార్మాట్ చేయమంటారా?'

ఖాళీ ఏమిటి? తాతల నాటి తుఫానులన్నీ అందులోనే కదా ఉన్నాయి! ఆపి మళ్లీ లేపాను. పళ్లు తుడిచి మళ్లీ పెట్టాను. అదే వాక్యం. కాళ్ల కింద భూమి కదిలిందని పాతకాలం వాళ్లు అనేవారట. మాకు కాళ్ల కింద భూమి లేదు. నాకు మాత్రం మేడ మొత్తం పక్కకి ఒరిగినట్టే అనిపించింది.

అప్పుడు గుర్తొచ్చింది, మా నాన్న మాట. ఈ గదిలో నాకు పని నేర్పింది ఆయనే. "కొన్ని డబ్బాల్లో పచ్చ బోర్డు ఊరకే ఉండదమ్మా. రాసిందంతా తాళం వేసి రాస్తాది. బోర్డు తీసేస్తే డిస్కు వట్టిదానిలాగే కనపడతాది. సొక్కా జేబులో తాళం సెవి ఉంటాది, సొక్కా పారేయకు." ఎన్నిసార్లు చెప్పాడో! అంతా తెలిసి కూడా, తంతు సంబరంలో పడి, తాళంచెవిని అమ్మ చేత సముద్రంలో వేయించి నేను చప్పట్లు కొట్టాను. నా అంత తెలివితక్కువది ఏ మేడలోనూ ఉండదు.

లోవరాజుకి ఎలా చెప్పాలో తెలియక గది బయట చాలాసేపు నిలబడ్డాను. చెప్పాను. అతను అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"మొత్తం పోయిందా?" అన్నాడు. ఆ గొంతులో బాధ ఉందో, ఇంకేముందో నాకు అర్థం కాలేదు.

"పోలేదు మావా. లోపలే ఉంది. తాళం పడిందంతే. ఆ బోర్డు దొరికితే మళ్లీ తెరుచుకుంటాది."

"దొరక్కపోతే?"

"దొరుకుద్ది. దొరికేదాకా ఫార్మాట్ చెయ్యను. నీ జన్మంతా అందులో ఉంది."

"రత్తం, నా మాటిను. అది ఖాళీ అంటంది కదా, ఖాళీయే అనుకో. నొక్కెయ్యి."

"ఇంకోసారి ఆ మాటన్నావంటే మర్యాదగా ఉండదు!" అని అరిచాను. నా తప్పుకి అతను తన విద్య పోగొట్టుకుంటానంటే నేను ఒప్పుకోవాలా?

పడవల పెద్ద బంగారయ్య దగ్గరికి వెళ్లి బతిమాలాను. మేడ కాళ్ల చుట్టూ వలలు, పీతల బోనులు అతనివే. పైనుంచి ఏది జారిపడినా చాలావరకు వాటిలోనే ఆగుతుంది. "సవుద్రం నీళ్లు తగ్గే వేళకి ఒక్కోటీ పైకి లాగి సూత్తాన్లే," అన్నాడు. "పీత దొరికితే నాది, బోర్డు దొరికితే నీది."

చవితి

దొరకలేదు.

జనం నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. ఫార్మాట్ చేస్తే పొద్దుగుంకేలోపు పంపులు తిరుగుతాయని అందరికీ తెలిసిపోయింది. నేను మొండికేశానని కూడా తెలిసిపోయింది. చిన్నారి అనే బాలింత తన వారం పసిగుడ్డుని ఎత్తుకుని మిషను గది గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు. "పాలు పడతల్లేదు రత్తమ్మొదినా," అంది, అంతే. నా వంతు చెంబు ఇవ్వబోయాను. లోవరాజు వెనకనుంచి వచ్చి తన చెంబు ఆమె చేతిలో పెట్టాడు. నిన్నటి చెంబు కూడా అతను తనకే ఇచ్చేశాడని ఆమె చెబితే తెలిసింది.

మధ్యాహ్నం మళ్లీ మొదలుపెట్టాడు. "పసిబిడ్డ ఉసురు తగులుద్ది. నొక్కెయ్యి రత్తం. నీ కాళ్లట్టుకుంటాను."

"నేనంత పాపిష్టిదాన్నా? మొగుడి విద్య నిలువునా పాతిపెట్టి ఆ నీళ్లు తాగుతానా?"

అతను ఏదో చెప్పబోయి నోరు మూసుకున్నాడు. ముఖం మింగలేక కక్కలేక ఉన్నట్టు ఉంది. నేను అది నా మీది ప్రేమ అనుకున్నాను.

అమ్మ తీర్పు చెప్పింది. "రేపు మజ్జానందాకా సూత్తాను. ఆపైన నువ్వు నొక్కకపోతే నేను నొక్కుతాను. ఆ అబ్బాయికి సెప్పు." ఆ అబ్బాయి రెండడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు.

పంచమి

దొరికింది! పొద్దున్నే బంగారయ్య కేకలు వేసుకుంటూ వచ్చాడు. పీతల బోనులో పెంకు, పెంకులో ఒక మండపీత, దాని కాళ్ల కింద పచ్చ బోర్డు. "ఇల్లరికం సొక్కాలో ఇదెవరో కొత్తల్లుడు దూరేడమ్మాయ్!" అని నవ్వాడు. నేను ఏడుస్తూ నవ్వాను.

బోర్డు నిండా ఉప్పు. ఉప్పు పోవాలంటే మంచినీళ్లతోనే కడగాలి. ఇవాళ్టి నా వంతు చెంబు తీసి గిన్నెలో పోశాను.

"వద్దు రత్తం," అన్నాడు లోవరాజు. "నోరెండిపోయి ఉంది నీకు. తాగు. ఆటిని తాగెయ్యి."

"నువ్వు ఊరుకో," అన్నాను. కుంచెతో మెల్లిగా కడిగాను. గిన్నెలో నీళ్లు మురిగ్గా అవుతుంటే ప్రాణం ఉసూరుమంది. బోర్డుని ఎండలో పెట్టి, పొయ్యి సెగ దగ్గర ఆరబెట్టి, డిస్కు పళ్లకి తగిలించి, తీగ పెట్టాను. తెర నా వైపే తిప్పుకున్నాను. ఆచారం ప్రకారం తప్పే. కానీ తాళం తెరుచుకుందో లేదో నేను చూడాలి కదా.

తెరుచుకుంది. మా నాన్న చెప్పింది నిజమే, బోర్డు చూసి డిస్కు కళ్లు తెరిచింది.

లోపల ఒకే ఒక్క ఫోల్డరు. పేరు 'కొత్త ఫోల్డరు'. తెరిచాను. అందులో ఏమీ లేదు.

దాచిపెట్టినవేమైనా ఉన్నాయేమోనని వెతికాను. ఎంత చోటు వాడారో చూశాను. ఏమీ వాడలేదు. ఒక్క తుఫాను లేదు, ఒక్క గాలి లేదు, చినుకు కూడా లేదు. మొదటి రోజే ఖాళీ అని ల్యాప్‌టాప్ నిజం చెప్పింది. నేనే దాని మాట నమ్మలేదు. మూడు రోజులు ఒక మేడని ఎండబెట్టాను. ఏడేళ్లు ఒక ఖాళీ డబ్బాకి పసుపు పూసి, కుంకుమ పెట్టి దండం పెట్టాను! పైన పటారం, లోన లొటారం.

వెనక్కి తిరిగాను. లోవరాజు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"పెళ్లైన మర్నాటినుంచి. మా మేడోళ్లు డబ్బా సేతికిచ్చి, ఇందులో అన్నీ ఉన్నాయిరా, పో అన్నారు. మాకక్కడ తెరలేదు, తెరిసి సూసుకోడానికి. ఇక్కడికొచ్చి నీ లేప్‌టాప్‌కి పెట్టి సూత్తే ఇదే. నాకూ ఇలాగే ఊపిరాగింది రత్తం. సెప్తే మీ అమ్మ పడవెక్కిచ్చేసేది. అప్పటికే నువ్వు నాకు కావాలనిపించేవు."

చేతిలో ఉన్న గిన్నె అతని మీదకి విసిరాను. తప్పుకోలేదు. భుజానికి తగిలి కింద పడింది. ఆ మురికినీళ్లు నా వంతు నీళ్లు. అతను వద్దు వద్దని మొత్తుకున్నది ఎందుకో అప్పుడు అర్థమై ఇంకా మండిపోయాను.

"మరి గాలివానలు ఎలా చెప్పేవాడివి? ఒక్కటీ తప్పలేదు కదా?"

అతను తల దించుకున్నాడు. "ఆవదం."

"ఏంటీ?"

"నువ్వు మీ అమ్మకి ఆవదం ఎచ్చబెడతావు కదా, మోకాలికి. మామూలప్పుడు ఆవిడ కిందే బాసింపట్టేసుకుని తింటాది. గాలివాన వచ్చే ఒకట్రెండు రోజుల ముందు కుర్చీ ఎయ్యమంటాది. ఎడం మోకాలు రాసుకుంటాది. ఆవదం తెమ్మంటాది. నేను ఎదురుగా కూకుని తింటాను, నాతో మాటాడదు కాబట్టి సూత్తా కూకోడమే నా పని. మొదటేడు రెండుసార్లు సూసేను. మూడోసారి ధైర్నం సేసి గాలివానని సెప్పేసేను."

ఆముదం వెచ్చబెట్టేది నేను. గిన్నె తీసుకెళ్లి ఇచ్చేది నేను. మర్నాడు తుఫానొచ్చి, మా ఆయన చెప్పాడు చూశారా అని మురిసిపోయేది కూడా నేనే. చంకలో పిల్లని పెట్టుకుని సముద్రమంతా వెతికామన్నమాట. నవ్వాలో, ఏడవాలో, తల గోడకి కొట్టుకోవాలో తెలియలేదు.

మధ్యాహ్నం కాకముందే డిస్కు మళ్లీ లోపల పెట్టి, ఫార్మాట్ నొక్కాను.

షష్ఠి

పంపులు తిరుగుతున్నాయి. ఇవాళ్టి నుంచి మళ్లీ ల్యాప్‌టాప్‌లోనే టైపు చేస్తున్నాను. చిన్నారి మొదటి చెంబు గటగటా తాగి నా బుగ్గ గిల్లి వెళ్లింది.

అందరికీ ఒక అబద్ధం చెప్పాను. బోర్డు ఉప్పుకి పాడైపోయింది, తాళం తెరుచుకోలేదు, లోవరాజు విద్య పోయింది అని. నాకు కోపం తగ్గలేదు. అతనితో మాట్లాడడం లేదు. కానీ అతన్ని పడవ ఎక్కిస్తే నేను ఊరుకోగలనా? నా మొగుడిని తిట్టే హక్కు నాది, తరిమే హక్కు ఎవరికీ లేదు.

అమ్మ అందరి ముందూ అంది. "ఆ అబ్బాయి డిస్కు మనకోసం పోయింది. ఆడి వంతు ఎవరూ తగ్గించకండి." లోవరాజు తల పైకెత్తలేదు. ఇక జన్మలో ఎవరూ అతన్ని గాలివాన ఎప్పుడని అడగరు. ఏడేళ్ల భయం ఒక్కరోజులో తీరిపోయింది. నెత్తిన పాలు పోసినట్టు ఉండాలి అతనికి. అన్నం మాత్రం ముట్టలేదు.

సప్తమి

పొద్దున్న అమ్మ కేక. "రత్తం, కుర్చీ ఎయ్యవే. కాస్త ఆవదం ఎచ్చబెట్టు."

గిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు, సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. దక్షిణాన వంజరం చేపల మంద పడిందని బంగారయ్య పడవలన్నీ దించుతున్నాడు. చేవ ఉన్న మగాళ్లందరూ ఎక్కుతున్నారు. రెండు రోజులకి గానీ తిరిగిరారు.

లోవరాజు గుమ్మంలోంచి కుర్చీని చూశాడు, గిన్నెని చూశాడు, నన్ను చూశాడు. నేనూ చూశాను. రెండు రోజుల తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాట అదే, నోటితో కాకపోయినా.

అతను డెక్కు మీదకి పరిగెత్తాడు. "బంగారయ్య బాబాయ్, పడవలు దించొద్దు! గాలివానొత్తంది!"

బంగారయ్య జాలిగా నవ్వాడు. "నీ డిస్కు ఉప్పులో కలిసిపోయింది కదా నాయనా. అలవాటుకొద్దీ నోరాగక సెప్తన్నావు. ఏం పర్లేదులే, పోయి పడుకో." చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. ఎగతాళిగా కాదు, ఆస్తి పోయినవాడిని ఓదార్చినట్టు. మొదటి పడవ తాడు వదిలేశారు.

నా అబద్ధం అది. అతన్ని కాపాడాలని నేను చెప్పిన అబద్ధం ఇప్పుడు పడవలనిండా మనుషుల్ని ముంచబోతోంది. నేను నోరు తెరిచేలోపు అతనే క్రేను గట్టు ఎక్కాడు.

"నా డిస్కులో ఏదీ పోలేదండీ! పోడానికి ఏవుంది గనక? నేనొచ్చిన్నాడే ఖాళీ. ఏడేళ్లూ ఖాళీయే. మిమ్మల్నందర్నీ మోసం సేసేను. కావాలంటే ఇప్పుడే నన్ను పడవెక్కిచ్చీండి. మీరు మాత్రం ఎక్కొద్దు!"

తాడు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉన్నాడు. అమ్మ కుంటుకుంటూ ముందుకు వచ్చింది.

"మరి ఏడేళ్లు ఎలా సెప్పేవు?" అంది. నాతో కాదు. నేరుగా అతనితోనే అంది. ఏడేళ్లలో మొదటిసారి.

"మీ మోకాలండీ, అత్తగారూ."

ఎవరో కిసుక్కుమన్నారు. వెంటనే ఆపుకున్నారు. ఎందుకంటే అప్పటికి అమ్మ కుడిచెయ్యి ఎడమ మోకాలి మీదే ఉంది, రాసుకుంటూ ఉంది. అందరి కళ్లూ ఆ చేతి మీద పడ్డాయి. అమ్మ కూడా తల వంచి, అది ఎవరి చెయ్యో అన్నట్టు దాన్ని చూసుకుంది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది.

మా అమ్మ ఎవరి మాటా నమ్మదు. కానీ ఆ నొప్పి ఎలా ఉందో ఆవిడకి తెలుసు.

"పడవలు పైకెత్తండి," అంది. వెనక్కి తిరిగి, రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్లిపోయింది. ఎవరూ చెయ్యి ఇవ్వడానికి సాహసించలేదు.

నవమి

నిన్న రాయలేదు. నిన్నంతా మిషను గదిలో నేనూ, లోవరాజూ ల్యాప్‌టాప్‌ని దుప్పట్లో చుట్టి, చెరో పక్కన పట్టుకుని కూర్చున్నాం. మేడ కాళ్లు మూలిగాయి. కింది మెట్లు కొట్టుకుపోయాయి. బంగారయ్య వలలూ, బోనులూ ఒక్కటి మిగల్లేదు. లోపలి డిస్కు మాత్రం జారలేదు, పంపులు ఆగలేదు. పడవలన్నీ డెక్కు మీద బోర్లించి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. మనుషులందరూ ఉన్నారు.

ఇవాళ పొద్దున్న గాలి తగ్గింది. నీళ్ల వంతులు పోయడానికి కొలత చెంబు తీసుకుని కూర్చున్నాను. అందరూ వరసలో నిలబడ్డారు. తన వంతు రాగానే బంగారయ్య పక్కకి జరిగి, వెనకాల వస్తున్న లోవరాజుకి ముందు దారి ఇచ్చాడు. లోవరాజు ఒక సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. అందులో అతని బట్టలు ఉన్నాయి. చెంబు మాత్రం తేలేదు.

నేను కొలత ఎత్తాను.

"ఆగవే," అంది అమ్మ. నిన్న మొన్నటిలాగే కుర్చీలో కూర్చుని ఉంది. "వట్టి సేతుల్తో వచ్చిన అల్లుడికి వంతు లేదు. ఆ మాట నేనన్నదే."

"అయితే నాకూ వద్దు," అన్నాను. కొలత చెంబు ఆవిడ కాళ్ల దగ్గర పెట్టేశాను. "నేనూ పోతాను. మిషను నువ్వే నడుపుకో."

"నోరు మూసుకోవే. నా మాట అవ్వనీ." కుర్చీ చేతులు పట్టుకుని కాస్త ముందుకు వంగింది. "మీ పిన్ని కూతురికి వచ్చినోడని కూడా సూడకుండా తిప్పి పంపిన పెళ్లికొడుకున్నాడే, ఆడు పెళ్లి వీడియోలు తెచ్చేడు. అది కూడా తేకుండా వచ్చేడీ అబ్బాయి. ఏడేళ్లు నా ఎదురుగా కూకున్నాడు. ఒక్క మాట మాటాడలేదు నేను. నా కాలు ఎప్పుడు నొప్పెడతాదో నా కూతురికి తెల్దు, నాకే తెల్దు. ఈ అబ్బాయికి తెలుసు."

చీర కుచ్చిళ్లు కాస్త పైకి తీసి, ఎడమ కాలు మెల్లిగా ముందుకు చాపింది. అందరూ చూస్తున్నారని తెలిసే చాపింది.

"ఏం అల్లుడుగారూ," అంది, "ఇయ్యాలేవంటందండీ?"

లోవరాజు కాలి వైపు చూడలేదు. ఆవిడ మొహం వైపే చూశాడు.

"తెరిపిచ్చిందండీ," అన్నాడు.

చెంబు తేలేదు కదా. నా చెంబు నిండా పోసి అతని చేతికి ఇచ్చాను.